శుక్రవారం బండి ఎక్కకండి

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బస్సు పెరుంగుడి దగ్గర ఆగిపోయింది. సెంట్రల్‌లో బండి అందుతుందంటావా?" అన్నాడు. వాడు చెన్నై వచ్చి ఏడు వారాలైంది. ఏడు శుక్రవారాలూ ఒంగోలు వెళ్ళాడు. "అందకపోతేనే మంచిదిరా" అన్నాను. కోపమొచ్చి పెట్టేశాడు. ఆదివారం రాత్రి మా పిన్ని ఫోను. "వాడికి అక్కడ మాట్లాడే మనిషి లేడంట నాయనా. ఉద్యోగం మానేసి వచ్చేస్తానంటున్నాడు. నువ్వన్నా కాస్త చెప్పు."

నేను చెప్తే వాడు వినడు. అప్పట్లో మా మామయ్య చెప్తే నేను విన్నానా? అందుకని వాడికి కాకుండా, ఈ ఊరికి కొత్తగా ఉద్యోగానికి వస్తున్న మీ అందరికీ రాస్తున్నాను. వాడి కంటపడితే చదువుకుంటాడు.

చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాలు, గది, అడ్వాన్సు, గ్యాసు, ఇవన్నీ మీరు చూసుకోగలరు. రెండే మాటలు. ఇంతకుముందు ఎక్కడన్నా పనిచేసి ఉంటే ఆ పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, పీఎఫ్‌కి కొత్త నంబరు పుట్టించనివ్వకండి. ప్రొఫెషనల్ టాక్స్ మన దగ్గరలా నెలనెలా కాకుండా ఇక్కడ ఆరు నెలల లెక్కన కడతారు. ఏదో ఒక నెల జీతం తక్కువ పడిందని అప్పుడు హెచ్‌ఆర్ మీద పడకండి. ఇక అసలు సంగతికి వస్తాను.

మద్రాసు కూడా ఒక పరాయి దేశమా, పొద్దున ఇంట్లో టిఫిన్ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోతాం కదా అంటారు. ఆ దగ్గరితనమే కొంప ముంచేది. నేను ఇక్కడికొచ్చిన నెలలోనే నాతో చదువుకున్నవాడొకడు డాలస్ వెళ్ళాడు. వాడికి అక్కడ శుక్రవారం బండి లేదు. రెండేళ్ళదాకా ఇంటి మొహం చూడలేనని తెలుసు కాబట్టి, మూడో వారానికే ఎవరి కార్లోనో సరుకులకు వెళ్ళాడు, నెల తిరక్కుండా క్రికెట్ టీమ్‌లో దూరాడు, పక్క సీటు మెక్సికో అతని ఇంట్లో పుట్టినరోజు భోజనం చేసొచ్చాడు. నేనేమో ఒంగోలుకి మూడొందల కిలోమీటర్లు కూడా లేని దూరంలో కూర్చుని ఆరు నెలల్లో ఒక్కళ్ళ ఇంటి గడప తొక్కలేదు.

నేను వచ్చింది 2015 జూన్‌లో. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రైల్వే వాళ్ళు ముందస్తు రిజర్వేషన్‌ను 60 రోజుల నుంచి 120 రోజులకు పెంచారు. ఇంకేం, చేరిన వారంలోనే నాలుగు నెలల శుక్రవారాలకు వెళ్ళడానికీ, ఆదివారాలకు రావడానికీ వరసగా టికెట్లు తీసిపారేశాను. ఎంత ముందుచూపో అని మురిసిపోయాను కూడా. నిజానికి అలా నాలుగు నెలల శనివారాలను చేజేతులా చెరిపేసుకున్నాను.

ఆ జూన్ 29న కోయంబేడు నుంచి ఆలందూరు దాకా మెట్రో మొదలైంది. శనివారం అందరం కలిసి ఎక్కి చూద్దామని టీమ్‌లో అనుకున్నారు. నన్నూ అడిగారు. నాకు టికెట్ ఉందన్నాను. ఆగస్టులో ఎవరో మహాబలిపురం అన్నారు. టికెట్ ఉందన్నాను. అక్టోబరులో నవరాత్రులకు మా టీమ్‌లో మైలాపూరావిడ వాళ్ళింట్లో బొమ్మల కొలువు పెట్టి సాయంత్రం రమ్మంది. దసరాకి ఊరెళ్తున్నానని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అడగడం మానేశారని కూడా నాకు తెలియలేదు. "ఈ అరవవాళ్ళు మనల్ని కలుపుకోరు" అని మాత్రం ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. మా పిన్ని కొడుకు ఇప్పుడు అంటున్న మాట అక్షరాలా ఇదే!

ఉద్యోగం సంగతీ ఇంతే. శుక్రవారం నాలుగింటికి మా టీమ్‌లో ఆ వారం పనంతా ముందేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. నేను మూడున్నరకే బ్యాగు భుజాన వేసుకునేవాణ్ణి. షోలింగనల్లూరు నుంచి బస్సులో తిరువాన్మియూరు, అక్కడ లోకల్ రైలెక్కి పార్క్ టౌన్, దిగి పరుగెత్తితే సెంట్రల్. సోమవారం తెల్లవారుజామున బండి దిగి, గదిలో స్నానం చేసి, పదింటికి సీట్లో కూర్చుని కునికిపాట్లు. మంగళవారానికి గానీ మనిషిని కాను. బుధవారం నుంచి మళ్ళీ శుక్రవారం ధ్యాస. ఆరు నెలలకు ప్రొబేషన్ అయిపోవాల్సింది, ఇంకో మూడు నెలలు పొడిగించారు. పని బాగానే చేస్తున్నావు, కానీ అడగాలని చూస్తే మనిషి కనపడవు అన్నారు. అది అన్యాయమని అప్పుడు చాలా గింజుకున్నాను.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. నా మెయిల్ ఐడీలో ఇంటిపేరు ముందు ఉంది. తమిళులకు మనలా ఇంటిపేర్లు పెట్టుకునే అలవాటు లేదు, తండ్రి పేరు పొడక్షరం ముందుంటుంది. నాకు ముందున్నది పొడక్షరం కాదు, పూర్తి మాట కాబట్టి అదే నా పేరనుకుని ఆఫీసంతా నన్ను ఇంటిపేరుతో పిలిచింది. మొదటిరోజే చెప్తే సరిపోయేది. ఎలాగూ శుక్రవారం వెళ్ళిపోయేవాణ్ణే కదా, ఎందుకులే అని ఊరుకున్నాను.

భోజనం బల్ల దగ్గరికి వద్దాం. ఒంటిగంటకు ఎవరో ఒకరు మీ సీటు దగ్గర ఆగి "సాప్టీంగళా?" అంటారు. తిన్నారా అని. నేను నెలరోజులపాటు నిజాయితీగా "ఆ, తిన్నాను" అని జవాబు చెప్పాను, వాళ్ళు వెళ్ళిపోయారు. బాబూ, అది లెక్క అడగడం కాదు. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన "భోజనాలయ్యాయా?" అన్నట్టే. "ఇన్నుం ఇల్లై, పోలామా?" అనండి. ఇంకా లేదు, వెళ్దామా అని. తినేసి ఉన్నా సరే, మజ్జిగన్నా తాగండి.

అక్కడ కూర్చున్నాక వాళ్ళు తమిళంలో మాట్లాడుకుంటుంటే మన గురించే అనుకుంటున్నారనిపిస్తుంది. అంత తీరిక వాళ్ళకు లేదు. ఇంగ్లీషులో మాట్లాడమని బతిమాలకండి, ఊరికే వినండి. వాక్యం నడక మనదే కాబట్టి రెండు మూడు నెలల్లో సగం అర్థమైపోతుంది. చదవడం ఇంకా తేలిక. క, ఖ, గ, ఘ నాలుగింటికీ వాళ్ళకు ఒకటే అక్షరం. నాలుగు వారాలు బస్సు బోర్డులు కూడబలుక్కుంటే వచ్చేస్తుంది.

దగ్గర భాష కాబట్టి దెబ్బలు కూడా దగ్గర్నుంచే తగులుతాయి. మొదటిరోజు మెస్సులో వడ్డించేవాడు చెంబు పట్టుకుని "తణ్ణి వేణుమా?" అంటే తంతానంటున్నాడేమిటని బిత్తరపోయాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాడు పాపం. ఆఫీసులో అంతకన్నా పెద్దదే జరిగింది. ఒక రిపోర్టు గురించి మా సీనియర్ "అవసరమా?" అన్నాడు. కావాలా అని అడుగుతున్నాడనుకుని "అవసరమే" అన్నాను. తమిళంలో అవసరం అంటే తొందర. అర్జెంటు అనుకుని ఆయన తన పని పక్కనపెట్టి రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని చేసిచ్చాడు. మర్నాడు సాయంత్రానికి కూడా నేను దాన్ని తెరవలేదని తెలిసి ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎవరన్నా "మచ్చా" అని పిలిస్తే మాత్రం నాలో ఏం మచ్చ చూశాడా అని బెంగపడకండి. బావా, బామ్మర్దీ అన్నమాట. ఆ పిలుపు పడితే సగం కుదురుకున్నట్టే.

నాకు ఆ పిలుపు పడింది నా తెలివివల్ల కాదు, వరదవల్ల. 2015 డిసెంబరు మొదటి వారం వాన తెలిసిందే. వేళచ్చేరిలో మేం నలుగురం ఉన్న ఫ్లాట్ కింది అంతస్తు, పరుపులు తేలాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు. రైళ్ళు రద్దు, నా శుక్రవారం బండితో సహా. ఆరు నెలల్లో నేను పది మాటలు కూడా మాట్లాడని మా టీమ్ కుర్రాడొకడు మోకాళ్ళ నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి "వాంగ", అంటే రండి, అని మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ వేడివేడి రసం అన్నం పెట్టింది. తింటుంటే నీ పేరేంటి బాబూ అని అడిగింది. చెప్పాను. ఆ కుర్రాడు చెయ్యి కంచంలోనే ఆపేసి నావంక చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ మేం పిలిచిందేంటి?" అన్నాడు. ఇంటిపేరని చెప్పాను. తల్లీకొడుకులు నవ్విన నవ్వుకి పక్కవాటా వాళ్ళు వచ్చి చూశారు. తర్వాతి మూడు రోజులు వాళ్ళతో కలిసి వీధుల్లో అన్నం పొట్లాలు పంచాను. సోమవారానికి ఆఫీసంతటికీ నా పేరు తెలిసింది.

మీకోసం వరద రాదు కాబట్టి టికెట్టే తీయకండి. మొదటి మూడు నెలలు, నెలకు ఒక్కసారి వెళ్ళండి. అంతకుమించి వద్దు. ఎవరు పిలిచినా వెళ్ళండి. శనివారం పొద్దున్నే టర్ఫ్ మీద క్రికెట్ అంటే, ఆట రాకపోయినా వెళ్ళండి, పదకొండోవాడు ఎప్పుడూ తక్కువే ఉంటాడు. బెసెంట్ నగర్ బీచ్‌కి ఆదివారం తెల్లవారకముందే వెళ్తే సగం ఊరు అక్కడే నడుస్తుంటుంది. డిసెంబరులో సంగీతం సీజను వస్తుంది. మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు, సంగీతం తెలియకపోతే క్యాంటీన్ కోసమన్నా వెళ్ళొచ్చు. అమ్మాయిలకు ఇంకో వెసులుబాటు ఉంది. మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు 2021 నుంచి ఛార్జీ లేదు, ఏ ఊరివాళ్ళయినా సరే. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఊరు చూడండి.

బొమ్మల కొలువుకి పిలిస్తే మాత్రం వదలకండి. మరుసటేడు మైలాపూరావిడ మళ్ళీ పిలిచింది, ఆవిడ గొప్పతనం. శనగల గుగ్గిళ్ళు పెట్టారు. వాళ్ళమ్మాయి త్యాగరాజ కీర్తన పాడింది. పాట అయ్యాక ఇంటిల్లిపాదీ నావైపు తిరిగి అర్థం చెప్పమన్నారు. చిన్నప్పటినుంచీ పాడుతున్నారు, ఒక్క ముక్క తెలియదట. నాకు మాత్రం తెలుసా? బాల్కనీలోకెళ్ళి అమ్మకు ఫోన్ చేసి అడిగి వచ్చి చెప్పాను. ఆ ఇంట్లో ఈరోజుకీ నేను తెలుగు పండితుణ్ణి.

నలుగురు తెలుగువాళ్ళతో గది తీసుకోవడం తప్పా అంటారేమో. తప్పేం కాదు. కందిపొడి పంచుకునే మనిషి ఉండాలి. అయితే ఆ నలుగురూ కలిసి నాలుగు శుక్రవారం టికెట్లు తీస్తేనే చిక్కు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళనూ పట్టించుకోండి. మా వీధిలో పూలమ్మే అవ్వది తెలుగే, నాకు ఏడాదిదాకా తెలియలేదు. ఆ యాసకి నవ్వకండి, వాళ్ళ తాతల నాటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు.

అన్నిటికన్నా కష్టం అమ్మతో చెప్పడం. గురువారం రాత్రి ఫోన్ చేసి "రేపొస్తున్నావుగా, ఏం కూర చెయ్యమంటావ్?" అంటుంది. అప్పుడు రావట్లేదని చెప్పలేరు, ఎవరివల్లా కాదు. మంగళవారమే చెప్పేయండి, కూరగాయలు కొనకముందే. లేదా అమ్మనే రమ్మనండి. టీ నగర్‌లో చీరల కొట్లు, వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వాళ్ళ గుడి, రెండూ ఒకే పూట అవుతాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నాకన్నా ముందు పక్కింటావిడతో స్నేహం చేసేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

సరే, ఇంతకీ మేం కుదురుకుంటామా అంటారేమో. కుదురుకుంటారు లెండి. నాలాంటివాడే కుదురుకున్నాడు, ఇక్కడే ఇల్లు కూడా కొన్నాడు. మొదటి రెండు శనివారాలు గోడల్ని చూస్తూ కూర్చుంటారు, ఏడుపొస్తుంది, సాంబారు చప్పగా ఉందని తిట్టుకుంటారు. మూడోదో నాలుగోదో ఎవరో ఒకరు పిలుస్తారు. మా పిన్ని కొడుకు ఈ శుక్రవారం ఆగాడు. నామీద గౌరవంతో కాదు, వెయిటింగ్ లిస్టు కన్‌ఫర్మ్ కాక.

సంక్రాంతికి మాత్రం వెళ్ళండి, దానికి నేను అడ్డురాను. 2024 నవంబరు నుంచి మళ్ళీ 60 రోజుల రూలే కాబట్టి, జనవరి 13 బండికి నవంబరు 14 పొద్దున 8 గంటలకు టికెట్లు తెరుస్తారు. 8 గంటల 5 నిమిషాలకు ఉండవు.