చెకుముకి తుపాకి సమస్యలు: చప్పుడును బట్టి లోపం పట్టడం

ఇక్కడ చెప్పేదంతా 20 గేజ్ (గొట్టం వెడల్పు కొలత, అంకె తగ్గితే వెడల్పు పెరుగుతుంది) స్మూత్‌బోర్ ఫ్లింట్‌లాక్ గురించి. గొట్టం లోపల గాట్లు ఉండవు, బోరు సుమారు 15.7 మి.మీ. పెద్ద గుండూ పడుతుంది, చిన్న గుళ్లూ పడతాయి. జింకకూ కుందేలుకూ ఒకటే తుపాకి కావాలంటే ఇంతకన్నా మంచి కొలత లేదు. 11 గేజ్ బ్రౌన్ బెస్ (పాత బ్రిటిష్ సైన్యపు తుపాకి) చూడ్డానికి ముచ్చటే గానీ బరువెక్కువ, సీసం బాగా తింటుంది. అమెరికాలో తుపాకి కాల్చే రేంజికి వెళ్లేవాళ్లు తమ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి పాత పద్ధతి తుపాకికి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. కర్ణాటకలోని కొడగు ప్రాంతపు కొడవ జాతివాళ్లకున్న మినహాయింపు మనకు లేదు.

ముందు సరైన దట్టింపు

మందు బ్లాక్ పౌడరే, 2ఎఫ్ రకం (ఎఫ్ అంకె పెరిగితే పలుకు సన్నబడుతుంది). (నల్లమందు అనకండి, తెలుగులో అది వేరే సరుకు!) పొగ రాని ఆధునిక మందు చిటికెడు కూడా వద్దు, గొట్టం పేలిపోతుంది. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి వేడి ఎక్కువ కావాలి. చెకుముకి రవ్వకు అవి సరిగా లొంగవు.

గుండుకైతే 60 గ్రెయిన్లతో (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు) మొదలుపెట్టి 5 చొప్పున పెంచండి. తయారీదారు రాసిన హద్దు దాటొద్దు. 0.600 అంగుళాల గుండు సుమారు 21 గ్రాములు తూగుతుంది. 0.38 మి.మీ. నూలు గుడ్డకు ఆలివ్ నూనె గానీ, మైనం కలిపిన కొవ్వు గానీ రాసి, అందులో చుట్టి దించాలి. బిగువుగా ఉంటే 0.590 గుండుకు మారండి.

చిన్న గుళ్లకు 70 గ్రెయిన్ల కొలపాత్రతో ముందు మందు, తర్వాత అదే పాత్రతో గుళ్లు. గుళ్లు 30 గ్రాములకు కాస్త అటూఇటూ వస్తాయి. రెండింటి మధ్య గట్టి అట్టబిళ్ల, దానిమీద మెత్తటి బిళ్ల. గుళ్లమీద పలచటి అట్ట.

మందు నింపుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పు కణం మిగిలి ఉంటే కొమ్మంతా చేతిలోనే పేలుతుంది. ఖాళీ గొట్టానికి ఒక గీత, నిండుగా దట్టించిన గొట్టానికి ఒక గీత ర్యామ్‌రాడ్ (దట్టించే కర్ర) మీద పెట్టుకోండి. గుండు మందుకు ఆనకుండా పైనే ఆగితే గొట్టం ఉబ్బుతుంది. ఈ గీత అది ముందే చెబుతుంది.

‘టక్’ అంటుంది, నిప్పు లేదు

పదిలో ఎనిమిదిసార్లు రాయిదే తప్పు. అంచు మొద్దుబారితే రాగి ముక్కతో కొద్దికొద్దిగా చెక్కి పదును తేవాలి. రాయిని పలచటి తోలులో చుట్టి కాక్ (రాయిని పట్టుకుని కొట్టే భాగం) దవడల్లో బిగించండి. హాఫ్‌కాక్‌లో, అంటే కాక్‌ను సగం వెనక్కి లాగి ఆపినప్పుడు, రాయి అంచు ఫ్రిజెన్‌కు (రాయి తగిలి రవ్వలు రాల్చే ఉక్కు రేకు) తగలకుండా ఒకటి రెండు మి.మీ. ఎడం ఉండాలి. కొట్టేటప్పుడు ఫ్రిజెన్ పైనుంచి మూడో వంతు దగ్గర తగలాలి. కిందికి తగులుతుంటే రాయిని తలకిందులు చేసి చూడండి.

రాయి కొత్తదైనా ఎర్రటి బద్ధకపు రవ్వలే రాలుతుంటే ఫ్రిజెన్ మెత్తబడింది. దానిమీద ఆకురాయి పెట్టి రుద్దండి. జారిపోతే ఉక్కు గట్టిదే, పట్టుకుంటే మెత్తనిది. మళ్లీ గట్టిపరచడం తుపాకి మేస్త్రీ పని. నూనె మరకకు మాత్రం పొడి గుడ్డ చాలు.

పళ్లెం ‘బుస్’ అంటుంది, తుపాకి పేలదు

ముందుగా: గొట్టం మూతి లక్ష్యంవైపే ఒక నిమిషం ఉంచండి. ఆలస్యంగా పేలే తుపాకులు ఉన్నాయి.

కారణం వెంట్, అంటే రవ్వలు పడే పళ్లెంలోంచి గొట్టంలోకి నిప్పు పోయే సన్న రంధ్రం, మూసుకుపోవడం. కాలిన మందు మడ్డి చెమ్మ పీల్చుకుని రంధ్రానికి అడ్డుపడుతుంది. ముసురు పట్టిన రోజున నాలుగైదు బార్లకే (పేల్చడాలకే) ఇది మొదలవుతుంది. ప్రతి బారుకూ ముందు పుల్లతో పొడిచి చూడండి. వెంట్ వెడల్పు 1.6 మి.మీ. దగ్గర ఉండాలి. మరీ సన్నగా ఉంటే నిప్పు లోపలికి పోదు. ఇంట్లో డ్రిల్లు పట్టుకోకండి, ఒక్కసారి పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు.

మందు పోయకుండానే గుండు దించేయడం రెండో కారణం. అందరికీ జరుగుతుంది, ఎవరూ ఒప్పుకోరు. వెంట్ ద్వారా 4ఎఫ్ సన్నమందు మూడు నుంచి ఐదు గ్రెయిన్లు పుల్లతో కూరండి. గుండు అడుగుకు ఆనేలా మళ్లీ దట్టించి, రేంజివైపు పెట్టి పేల్చండి. నిల్వకోసం రాసిన నూనె అడుగున మిగిలి మందును తడపడం మూడోది. దానికి దట్టించకముందే పొడి గుడ్డతో గొట్టం తుడవాలి.

‘బుస్... ఢాం’: మధ్యలో ఎడం

సాధారణంగా వెంట్ నిండా మందు దూరి వత్తిలాగా మెల్లగా కాలుతుంది. దట్టించేటప్పుడు పుల్లను వెంట్‌లోనే ఉంచి, తర్వాత తీసేయండి. నిప్పు తన్నుకుపోవడానికి ఖాళీ ఉంటుంది. పళ్లెంలో పోసే సన్నమందుకు పాత మాట రంజకం. దాన్ని మూడు గ్రెయిన్లకు మించకుండా, వెంట్ పక్కనే ఉండేలా పోయాలి. కుప్పపోస్తే వేగం రాదు, మసి మాత్రం వస్తుంది.

గుళ్లు చెల్లాచెదురు, మధ్యలో ఖాళీ

20 గజాల దూరంలో పెద్ద కాగితంమీద మధ్యలో ఖాళీ వలయం కనిపిస్తే మందు ఎక్కువైంది. లేదా మెత్తటి బిళ్ల గుళ్లను వెనకనుంచి తోసి చెదరగొడుతోంది. మందును 5 గ్రెయిన్లు తగ్గించండి. మెత్తటి బిళ్ల తీసేసి నాలుగైదు పలచటి అట్టలు పెట్టి చూడండి. చాలామంది దీనికి విరుగుడుగా మందే పెంచుతారు, ఖాళీ ఇంకా పెద్దదవుతుంది.

బాతులకైతే అమెరికాలో 1991 నుంచి సీసం నిషిద్ధం. ఉక్కు గుళ్లు ఈ మెత్తటి గొట్టాన్ని గీస్తాయి, బిస్మత్ లోహపు గుళ్లు వాడండి.

మూడో బారుకు గుండు దిగనంటుంది

పెట్రోలియం నూనె బ్లాక్ పౌడర్‌తో కలిసి తారులా గట్టిపడుతుంది. అది మానేసి, ప్రతి రెండు బార్లకూ తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి తిప్పండి. గుండును ర్యామ్‌రాడ్‌తో సుత్తిలా మోదకండి, కర్ర విరిగి అరచేతిలో గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చాక వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే సన్నగా నూనె రాయాలి. రేపు కడుగుదామనుకుంటే తెల్లారేసరికి తుప్పు పడుతుంది.