ఎండలు ముదరకముందే: ఆర్‌సీ (రేడియో కంట్రోల్) బొమ్మ విమానానికి కవరింగ్ ఎంచుకోవడంలో జాగ్రత్తలు

ఉగాది దాటిందంటే అనంతపురంలో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీల సెల్సియస్‌ను అందుకుంటుంది. చలికాలంలో కాచిన డప్పులా బిగిసి ఉన్న రెక్క, ఆ ఎండలో అరగంట ఉంచేసరికి ముడతలు పడుతుంది. రెక్క చట్రానికి వాడే తేలికైన బల్సా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడిగాలికి వదిలేస్తుంది. తేమ పోయిన చెక్క అడ్డంగా కుదించుకుపోవడంతో దానిపై లాగి అతికిన పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ వదులవుతుంది. అందువల్ల కవరింగ్‌ను, అంటే చట్రంపై కప్పే పొరను, రంగు చూసి కాక, వేడిని ఎంత ఓర్చుకుంటుందో చూసి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

బల్సా చట్రానికి మన వేసవిలో పాలియెస్టర్ ఫిల్మే నమ్మదగినది. మోనోకోట్, ఒరాకవర్ ఈ రకానివే. ఇవి వేడికి బాగా బిగుస్తాయి, రెక్క మెలి తిరగకుండా కొంత బలాన్నీ ఇస్తాయి. పాలిప్రొపిలీన్‌తో చేసిన సోలార్‌ఫిల్మ్ తక్కువ వేడికే అతుక్కుంటుంది కనుక పని తేలిక, కానీ ఫిల్మ్‌ను అతికించే ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువ కాలినా రంధ్రం పడుతుంది. మోనోకోట్‌కు ఒరాకవర్ కంటే ఎక్కువ వేడి కావాలి. కాబట్టి ఒకదానికి సరిపెట్టిన వేడిని మరొకదానికి వాడకుండా, ఫిల్మ్ చుట్టతో వచ్చిన కాగితంలోని అంకెలు చదివి, ముందుగా వృథా బల్సా ముక్కపై పరీక్షించండి. ఇంట్లో బట్టలకు వాడే ఇస్త్రీపెట్టె వేడి ఒక్క తీరుగా నిలవదు.

థర్మాకోల్ వంటి ఫోమ్ రెక్కలకు ఈ లెక్క చెల్లదు. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీలకే మెత్తబడుతుంది కనుక, వాటికి తక్కువ వేడికి అతికే ఫిల్మ్‌నో, రంగుల ప్యాకింగ్ టేపునో వాడాలి.

పలుచని టిష్యూ కాగితం, దాన్ని బిగించడానికి పూసే డోప్ అనే వార్నిష్ తేలికైనవే, చూడముచ్చటైనవే. అయినా మన నేలమీద దిగేటప్పుడు పల్లేరు ముల్లు, సర్కారు తుమ్మ కొమ్మ, కోసిన కంది మోడు ఏది తగిలినా టిష్యూ చిరుగుతుంది. పైగా నైట్రోసెల్యులోజ్ డోప్, థిన్నర్ ఆవిర్లు త్వరగా అంటుకునేవి. తలుపులు మూసిన గదిలో, స్టవ్ దగ్గర, వేడి ఇస్త్రీపెట్టె పక్కన వాటి మూత తీయకూడదు. డోప్ ఆరిన తరువాత కూడా రోజుల తరబడి బిగుస్తూనే ఉండి పలుచని తోకను వంచేయగలదు.

ఇక రంగు. నలుపు, ముదురు నీలం ఎండను ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి రెక్క పైభాగానికి తెలుపో పసుపో మంచిది. కింది భాగానికి ముదురు ఎరుపు వేస్తే, మేఘం లేని వెలిసిన ఆకాశంలో విమానం ఎటు తిరిగిందో కంటికి తెలుస్తుంది.

అతికించే ముందు చట్రంపై పేరుకున్న ఎర్రమట్టి ధూళిని శుభ్రంగా తుడవాలి. ధూళిపై జిగురు పట్టదు, పట్టని అంచు గాలిలోనే లేస్తుంది. కిందివైపు ముందు కప్పి, పైవైపు ఫిల్మ్ దానిమీద 6 మిల్లీమీటర్లైనా ఎక్కేలా అతికించండి. అతుకు ఎక్కడ వచ్చినా దాని కొస గాలికి ఎదురుగా కాక వెనుకకు ఉండాలి. అరల మధ్య గాలి కదలడానికి రెక్క లోపలి అడ్డచెక్కలైన రిబ్బులకు సన్న రంధ్రాలు పెట్టడం మరవకండి. లేకుంటే వేడికి వ్యాకోచించిన గాలి ఫిల్మ్‌ను బుడగలా ఉబ్బిస్తుంది.

ఒక ఏప్రిల్‌లో నేను తలుపులు మూసిన కారు వెనుక సీటులో విమానాన్ని వదిలి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఐలరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) అంచు వద్ద ఫిల్మ్ ఊడి వచ్చింది. అప్పటినుంచి నీడలో, తెల్లని గుడ్డ కప్పి ఉంచుతున్నాను. ముడతను మళ్లీ బిగించిన ప్రతిసారీ రెక్కను వెనుకనుంచి చూసి రెండు వైపులూ సమానంగా ఉన్నాయో లేదో గమనించండి. ఒకవైపే వేడి తగిలితే ఆ వైపుకే మెలి పడుతుంది. మెలి కనిపిస్తే రెక్కను చేతులతో ఎదురువైపుకు తిప్పి పట్టుకుని, మరొకరిచేత ఇస్త్రీ చేయించి, చల్లారేవరకు అలాగే ఉంచిన తరువాతే ఎగురవేయండి.