లోడు పెట్టాక ఫ్యూయల్ సెల్ వోల్టేజీ జారిపోతోందా?

సమస్య: 20 సెల్‌లను ఒకదాని పక్కన ఒకటి పేర్చిన, ఫ్యానుతో చల్లబడే హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ స్టాక్. హైడ్రోజన్‌నూ గాలిలోని ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు పుట్టించేది. లోడు లేనప్పుడు 19 వోల్టులు చూపిస్తుంది. లోడు పెడితే మొదట 12 దగ్గర నిలబడి, పావుగంటలో 10కి, తర్వాత 9కి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు, విజయవాడ నుంచి ప్రాజెక్టు పిల్లలు నా దగ్గరకు తెచ్చేవాటిలో ఎక్కువ ఇవే. "మెంబ్రేన్ పోయిందా సార్?" అని అడుగుతారు. మెంబ్రేన్ అంటే ఒక్కో సెల్ మధ్యలో ఉండే పల్చటి పొర.

ముందు హైడ్రోజన్ ప్రెజర్ గేజ్ చూడండి. లోడు నడుస్తుండగా చూడండి. ఊరికే ఉన్నప్పుడు చూసి "ప్రెజర్ బాగానే ఉంది" అంటే లాభం లేదు. గ్యాస్ ఖర్చవుతున్నప్పుడే సన్నటి పైపు దగ్గరో, సగం తెరిచిన వాల్వు దగ్గరో ప్రెజర్ పడిపోతుంది. తర్వాత మల్టీమీటరుతో ఒక్కో సెల్‌నూ విడిగా కొలవండి. లోడులో ఒక్కోటి 0.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఈ ఐదు నిమిషాల పని వదిలేసి స్టాక్ బోల్టులు విప్పేసి తెస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒకటి రెండు సెల్‌లే పడిపోయి, రీడింగ్ ఊగుతూ, పర్జ్ చేయగానే, అంటే హైడ్రోజన్ వైపు వాల్వు క్షణం తెరిచి లోపలిది బయటికి ఊదేయగానే, కోలుకుంటే లోపల నీరు నిలిచినట్టు, లేదా హైడ్రోజన్ వైపు నైట్రోజన్ పేరుకున్నట్టు. పర్జ్ వాల్వు టిక్కుమంటోందో లేదో చెవి పెట్టి వినండి. చాలావరకు తప్పు అక్కడే.

అన్ని సెల్‌లూ కలిసి, ఊగకుండా, మెల్లగా దిగుతుంటే మాత్రం మెంబ్రేన్ ఎండిపోతోంది. చాలామందిని దెబ్బతీసేది ఇదే. హైడ్రోజన్ నుంచి విడిపోయిన ప్రోటాన్లు ఆ పొరను దాటాలంటే పొరలో తడి ఉండాలి. తడి తగ్గితే నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి పెరుగుతుంది, ఆ వేడికి ఉన్న తడి కూడా ఆరిపోతుంది. ఈ స్టాకుల్లో ఆక్సిజన్ అందించేదీ, చల్లబరిచేదీ ఒకే ఫ్యాను. స్టాక్ వేడెక్కిందని ఫ్యాను పెంచుతారు. రోహిణి కార్తెలో అలా పెంచితే పొర మీదికి వడగాలిని తోలడమే. కళ్ళంలో మిరపకాయలు ఎండేదీ ఆ గాలికే కదా.

నేనూ ఇక్కడే మోసపోయాను. ఒక మే నెలలో వోల్టేజీ దిగినప్పుడల్లా ఫ్యాను పెంచాను, నీరు నిలిచిందనుకుని పర్జ్ కూడా పెంచాను. పర్జ్‌తో పాటు లోపలి తేమ కూడా బయటికి పోతుందని అప్పుడు ఆలోచించలేదు. వారం రోజులు కుస్తీపట్టి, స్టాక్ పాడైందని అటక మీద పెట్టేశాను. జూలైలో ముసురు పట్టిన రోజున దించి పెట్టి చూస్తే, కాసేపటికి 12 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడింది. స్టాక్ అదే, మారింది గాలి.

అనుమానం తీరాలంటే లోడు ఒక్కసారిగా తీసేయండి. పొర ఎండితే పడిపోయిన వోల్టేజీలో చాలా భాగం తక్షణం పైకి లేస్తుంది. నీరు నిలిచినదైతే తీరిగ్గా ఎక్కుతుంది.

పరిష్కారం: పొద్దున్నే, గాలి చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. లోడును మూడో వంతుకు తగ్గించండి. స్టాక్ మాన్యువల్‌లో చెప్పిన వేడి దాటకుండా ఫ్యానును వీలైనంత నెమ్మదిగా తిప్పండి. సెల్ పనిచేస్తే నీరు పుడుతుంది, ఆ నీటితోనే పొర తడుస్తుంది. అరగంటయ్యాక లోడును కొద్దికొద్దిగా పెంచండి. స్టాక్ మీద నీళ్ళు చల్లకండి. కూలర్ ఉంటే గదిలో దూరంగా పెట్టండి, ఎదురుగా వద్దు. దాని తుంపరలతో బోరు నీళ్ళలోని కాల్షియం పొరలోకి చేరితే ప్రోటాన్లు ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. కిటికీలు తెరిచే ఉంచండి, పర్జ్ పైపు బయటికి పెట్టండి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ వల్ల సెల్‌లో ఉత్ప్రేరకంగా ఉండే ప్లాటినం దెబ్బతినడం ఉంది కానీ, శుద్ధమైన సిలిండరు గ్యాస్ వాడేవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు. పొరకు చిల్లి పడితే లోడు లేనప్పుడే ఆ సెల్ వోల్టేజీ మిగతావాటికన్నా తక్కువుంటుంది. అలా కనిపిస్తే వెంటనే గ్యాస్ కట్టేసి స్టాక్‌ను పక్కన పెట్టండి.