ఏకాగ్రతను కంటిపాపలో చూడడం ఎలా?

మెదడు కాండంలో, చిన్నమెదడుకు ముందువైపు, నీలి ఛాయతో రెండు చిన్న కణాల గుంపులుంటాయి. పేరు లోకస్ సెరూలియస్. రెండింటిలోని నాడీకణాలు కలిపినా కొన్ని పదుల వేలే. అయినా మెదడులో చాలా భాగాలకు నోరాడ్రినలిన్ అనే, మనల్ని అప్రమత్తంగా ఉంచే రసాయనం అందేది ఇక్కడినుంచే. ఒక పనిమీద మనసు పెట్టినప్పుడు ఈ కణాలు చురుకవుతాయి, కంటిపాప కూడా కొద్దిగా విచ్చుకుంటుంది. ఇది ఇంట్లోనే చూడవచ్చు. ఫోను, ఓపికున్న మనిషి ఒకరు ఉంటే చాలు.

ముందు వెలుతురు సంగతి చూడండి. ప్రయోగం చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆలోచనవల్ల పాప పెరిగేది మహా అయితే అర మిల్లీమీటరు. దీపం వెలిగినా ఆరినా వచ్చే మార్పు దానికి ఎన్నో రెట్లు. అందుకే ఫ్లాష్ వద్దు, టీవీ ఆపేయండి, మబ్బులు కదిలే రోజున కిటికీ పక్కన కూర్చోబెట్టకండి. మనలో చాలామంది కళ్ళు ముదురు గోధుమరంగువి కాబట్టి పాప అంచు సరిగా కనబడదు. దీపాన్ని ఎదురుగా కాకుండా ఓ పక్కన పెడితే కొంత నయం.

మనిషిని కూర్చోబెట్టి, దూరంగా గోడమీద ఒక గుర్తు చూస్తూ ఉండమనండి. దగ్గరి వస్తువును చూస్తే పాప తనంతట తానే కుంచించుకుంటుంది. ఫోనును చూపుకు అడ్డం రాకుండా కాస్త కిందుగా, కదలకుండా నిలబెట్టి, వెనక కెమెరాతో ఒక కంటిని దగ్గరగా తీయండి. కళ్ళు ఆ వెలుతురుకు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగండి.

తర్వాత సెకనుకు ఒకటి చొప్పున మూడు అంకెలు చదివి, తిరిగి చెప్పమనండి. కాసేపాగి ఏడు అంకెలు. 1966లో కానమన్, బీటీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసినది ఇలాంటిదే: అంకెలు వింటున్నంతసేపూ పాప పెరుగుతూ పోయింది, తిరిగి చెబుతుంటే తగ్గుతూ వచ్చింది.

వీడియోలో మొదటి అంకెకు ముందు ఒకచోట, చివరి అంకె దగ్గర ఇంకోచోట ఆపి కొలవండి. పాప వెడల్పును దాని చుట్టూ ఉన్న రంగు వలయం మొత్తం వెడల్పుతో భాగించాలి. తల కాస్త ముందుకు వచ్చినా లెక్క తప్పదు.

దీన్ని అబద్ధాలు పట్టే యంత్రంగా వాడాలని మాత్రం చూడకండి. భయానికీ, సంతోషానికీ కూడా పాప విచ్చుకుంటుంది. పది పన్నెండు అంకెలిచ్చి చూడండి: మోయలేక మనిషి ప్రయత్నం మానేస్తే, చదువుతుండగానే పాప మళ్ళీ చిన్నదవడం మొదలుపెట్టవచ్చు.