సొరకాయ రసం: మిక్సీ వేసేముందు ముక్క కొరికి చూడండి

తిరుపతిలో పొద్దున్నే అలిపిరి వైపు నడకకు వచ్చేవాళ్లలో చాలామంది చేతుల్లో ఇప్పుడు పచ్చరసం సీసాలు కనిపిస్తున్నాయి. మంచిదే. చేసే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది. సొరకాయ, పాలకూర, పుదీనా, అల్లం, నిమ్మకాయ అన్నీ ఒకే జార్లో పడేసి గిర్రున తిప్పేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒట్టి సొరకాయ రసం చాలు.

(కోస్తా నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఆనపకాయ అంటారు. మా చిత్తూరు వైపు అనపకాయంటే గింజలు ఒలిచి పులుసు పెట్టుకునే చిక్కుడు జాతి కాయ. అంగట్లో పేరు సరిగ్గా చెప్పండి.)

ఇద్దరికి అరకిలో లేత కాయ, గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, మిక్సీ, పలచటి నూలుగుడ్డ ఉంటే సరి. జ్యూసర్ కొనొద్దు, రసం తాగడానికి పట్టే టైం కన్నా దాన్ని కడగడానికే ఎక్కువ పడుతుంది. రైతు బజార్లో గోరు గుచ్చితే సులువుగా దిగే కాయను ఏరుకోండి. ఇంటికొచ్చి కడిగి చెక్కు తీయండి.

ఇక్కడ ఆగండి. కాయకు రెండు కొనల నుంచి, నడుమ నుంచి గింజల దగ్గరి గుజ్జుతో సహా చిన్న చిన్న ముక్కలు కోసి, ఒక్కొక్కటీ నమిలి చూసి ఉమ్మేయండి. కాస్త చేదు తగిలినా కాయ మొత్తం చెత్తబుట్టలోకి పోవాల్సిందే. చేదున్న వైపు కోసేసి మిగతాది వాడదామనే పొదుపు వద్దు. ఉడికించినా ఆ చేదు విషం పోదు కాబట్టి కూరకూ పనికిరాదు. రెండు కాయలు కొంటే రెండూ చూడాలి. పళ్లు తోముకున్న వెంటనే చూడొద్దు, పేస్టు వల్ల నాలుక తప్పు చెబుతుంది. జలుబు చేసి రుచి తెలియకపోతే ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది. తెగుళ్ల నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి తీగే వాటిని తయారుచేసుకుంటుంది. ఎండ మండి నీళ్లు చాలకపోయినా అవి పెరగొచ్చు. పైకి చూస్తే చేదు కాయ, మంచి కాయ ఒకేలా ఉంటాయి.

మా బావమరిదికి ఇదంతా చాదస్తం. "కాకరకాయ చేదు కాదా బావా, చేదుంటేనే షుగర్‌కు మంచిది" అని ఒకరోజు గ్లాసు ఎత్తేశాడు. గంట తిరక్కముందే వాంతులు, కడుపునొప్పి. రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుని వచ్చాడు. కాకర చేదు వేరు, సొరకాయ చేదు వేరు. దీనివల్ల రక్తపు వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. విరుగుడు మందంటూ లేదు. చేదు రసం తాగాక కడుపులో తేడాగా ఉంటే మజ్జిగ, నిమ్మరసం అంటూ కూర్చోకుండా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పరుగెత్తండి, లేదా 108కి ఫోన్ చేయండి.

పుదీనా, నిమ్మ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు తెలిసుంటుంది. అవి చేదును దాచేస్తాయి. 2012లో అచ్చయిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదిక కూడా తాగేముందు ముక్క రుచి చూడమని, సొరకాయ రసాన్ని వేరే రసాలతో కలపొద్దని చెప్పింది. పుదీనా మీద మనసుంటే ఇంకోరోజు మజ్జిగలో వేసుకోండి.

ముక్క చప్పగా, కాస్త తియ్యగా ఉంటే ఇక పనంతా రెండు నిమిషాలే. ముదురు గింజలు తీసేసి, నీళ్లు పోసి, ఆపి ఆపి మిక్సీ తిప్పి, గుడ్డలో వేసి పిండండి. టీ వడపోత వాడితే పిప్పి గొంతుకు అడ్డం పడుతుంది. ఉప్పు వేయకముందే చెంచాడు రసం మళ్లీ రుచి చూడండి. వెంటనే తాగేయండి. ఐసు వేయొద్దు, ఫ్రిజ్‌లో దాచొద్దు.

గుడ్డలో మిగిలిన పిప్పిని పారేయకండి. బియ్యప్పిండి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పెనం మీద రొట్టె తట్టుకుని, చెనిక్కాయల ఊరిబిండితో తినండి.