తిండి తగ్గించినా పొట్ట తగ్గట్లేదా? పేగుల్లో ఏం జరుగుతోందో చూడండి

"రాత్రి అన్నం మానేశాను, టీలో చక్కెర మానేశాను, అయినా ప్యాంటు నడుము దగ్గర పట్టేస్తూనే ఉంది." నాకు తెలిసిన వాళ్లలో చాలామంది చెప్పే మాట ఇది. థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, అది బాగానే ఉందని తేలితే, తర్వాత చూడాల్సింది పెద్దపేగు వైపు. అక్కడున్న బ్యాక్టీరియా సంఖ్య మన ఒంట్లోని కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. అవన్నీ కలిపి తూచినా 200 గ్రాములే ఉంటాయి.

సమస్య: తినేది తక్కువే, పొట్ట మాత్రం కరగట్లేదు

ముందు టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో చుట్టి కొలవండి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, కాటా మీద బరువు మామూలుగానే కనిపించినా జాగ్రత్త పడాలి.

కారణం: అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో జెఫ్రీ గోర్డన్ బృందం ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా ఎలుకలను పెంచింది. 2004లో వాటికి మామూలు ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియాను ఎక్కిస్తే, రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు దాదాపు 60 శాతం పెరిగింది. అవి తిన్నది మాత్రం మునుపటికంటే తక్కువే. అంటే తిండి నుంచి ఎంత శక్తి లాగాలో, అందులో ఎంత కొవ్వుగా దాచాలో తేల్చడంలో బ్యాక్టీరియాకూ వాటా ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే బృందం 2013లో చేసిన ప్రయోగం. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి పేగుల్లోని బ్యాక్టీరియాను వేర్వేరు ఎలుకలకు ఎక్కించారు. లావు మనిషి బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలకు కొవ్వు పెరిగింది. రెండు రకాల ఎలుకలనూ ఒకే బోనులో ఉంచితే, సన్నవాటి బ్యాక్టీరియా లావువాటి పేగుల్లో పాగా వేసి కొవ్వు పెరగకుండా ఆపింది. అయితే కొవ్వు తక్కువగా, పీచు ఎక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడే ఇది జరిగింది. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ ఉన్న మేత పెడితే మంచి బ్యాక్టీరియా నిలదొక్కుకోలేకపోయింది.

ఇప్పుడు మన కంచం చూడండి. పాలిష్ పట్టిన సన్నబియ్యం అన్నం కొండంత, పప్పుచారు నాలుగు గరిటెలు, ఆలుగడ్డ వేపుడు కాస్త. అందులో చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది. కింద కాచుకుని కూర్చున్న బ్యాక్టీరియాకు పెద్దగా ఏమీ మిగలదు. అలా పస్తు పెడితే అవి పేగు గోడను కాపాడే జిగురుపొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల్లో తేలింది. తిండి తగ్గించినప్పుడు చాలామంది అన్నంతో పాటు కూర కూడా తగ్గించేస్తారు. అసలు తప్పు అక్కడే జరుగుతోంది.

పరిష్కారం: అన్నం, కూర కొలతలు తారుమారు చేయండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల తిండికి 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుదినుసులు చెప్పింది. ఒక్క రోజు కూరగాయలను కాటా మీద పెట్టి చూడండి, మనం ఎంత తక్కువ తింటున్నామో తెలుస్తుంది. గోరుచిక్కుడు, తోటకూర, చిక్కుడు, ఉలవలు, పొట్టు పెసలు, జొన్నరొట్టె... ఇవన్నీ మారుస్తూ తినండి. రోజూ ఒకే కూర తింటే కొన్ని రకాల బ్యాక్టీరియాకే మేత దొరుకుతుంది.

సమస్య: తిన్న రెండు గంటలకే మళ్లీ ఆకలి

కారణం: బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లాంటి ఆమ్లాలు తయారవుతాయి. ఇవి పేగు కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. "ఇక చాలు" అని మెదడుకు కబురు పెట్టే హార్మోన్లలో ఇదొకటి. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న ఖరీదైన ఇంజెక్షన్లు అనుకరించేది దీన్నే. పీచుతో వచ్చే ప్రభావం వాటంత బలంగా ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

పరిష్కారం: ముందు కూర, పప్పు తిని, అన్నం ఆఖర్న కలుపుకోండి. ఉదయం టిఫిన్‌లో గుప్పెడు ఉడికించిన శనగలో, అలసందలో ఉండేలా చూసుకోండి.

సమస్య: పీచు పెంచగానే కడుపు ఉబ్బరం, గ్యాస్

కారణం: ఒక్కసారిగా పెంచడం. నేనూ అదే చేశాను. మొదటి రోజే పెద్ద గిన్నెడు ఉలవలు తిని, మూడు రాత్రులు సరిగా పడుకోలేకపోయాను. అంత మేతకు అలవాటు లేని బ్యాక్టీరియా వాయువు వదలడం సహజమే.

పరిష్కారం: రెండు చెంచాలతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించండి. నీళ్లు బాగా తాగండి.

సమస్య: ప్రోబయాటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా) మాత్రలు వాడినా ఫలితం లేదు

కారణం: బయటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా చాలామందిలో కాపురం పెట్టదు, మాత్ర ఆపగానే వెళ్లిపోతుంది. మాత్రల సంగతి అలా ఉంచండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నటివాళ్ల మలంలోని బ్యాక్టీరియాను మెటబాలిక్ సిండ్రోమ్ (పెద్ద పొట్ట, బీపీ, షుగర్ పెరగడం లాంటివి కలిసి ఉండే స్థితి) ఉన్న మగవాళ్ల పేగుల్లోకి ఎక్కించారు. ఆరు వారాలకు ఇన్సులిన్ పనితీరు మెరుగైంది గానీ బరువు తగ్గలేదు. తర్వాతి ప్రయోగంలో 18 వారాలకల్లా ఆ మేలు కూడా కరిగిపోయింది.

పరిష్కారం: ఆ డబ్బుతో కూరగాయలు కొనండి, ఇంట్లో పెరుగు తోడుపెట్టుకోండి. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందిని పరిశీలిస్తే, 10 వారాలు పులిసిన పదార్థాలు తిన్నవాళ్లలో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపును సూచించే ప్రోటీన్లు తగ్గాయి. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరి మీద ఉడికేసరికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పెరుగు, మజ్జిగ, చద్దన్నం అలా కాదు.

మా ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం చల్లారగానే నీళ్లు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెడతాం. పొద్దున మూత తీస్తే పుల్లటి వాసన రావాలి. జిగటగా ఉన్నా, కుళ్లు వాసన వచ్చినా పారేస్తాం. అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లే రకంగా మారుతుంది. అయినా అది అన్నమే. షుగర్ ఉన్నవాళ్లు చిన్న గిన్నెతో సరిపెట్టుకోవాలి.

సమస్య: యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక కడుపు దారికి రావట్లేదు

ఆ మందులు మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి. డాక్టర్ రాసిన కోర్సును మధ్యలో ఆపవద్దు. జలుబుకూ మామూలు దగ్గుకూ మందుల షాపులో అడిగి కొనుక్కోవడం మాత్రం మానేయండి, వైరస్‌ల మీద అవి పనిచేయవు. కోర్సు అయ్యాక మజ్జిగ, రకరకాల కూరలు తినండి, కొన్ని వారాలు ఓపిక పట్టండి.

ప్రయత్నించకుండానే బరువు పడిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా, విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా ఇవేవీ ఇంట్లో పరీక్షించుకుంటూ కూర్చోవద్దు. వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. షుగర్ మందులు వాడేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టర్‌కు చెప్పండి. మందు మోతాదు మార్చకపోతే షుగర్ మరీ పడిపోవచ్చు.