ఎకరం, గుంట, సెంటు: కోడ్‌లో కొలతల్ని ఉత్త నంబర్లుగా పెట్టొద్దు

పొలాల లెక్కల యాప్ రాసేటప్పుడు నేను చేసిన తప్పు ముందు చెప్తా. విస్తీర్ణాన్ని ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యలు దాచే రకంలో పెట్టా. "2.20" అని ఎంట్రీ వచ్చింది. తెలంగాణ పొలం రికార్డు పహాణీలో అయితే అది 2 ఎకరాల 20 గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు, అదే ఆంధ్రాలోని అలాంటి రికార్డు అడంగల్‌లో అయితే 2 ఎకరాల 20 సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు కాబట్టి తేడా 30 సెంట్లు, గజాల్లో 1452! పైగా ఫ్లోట్‌లోకి వెళ్లగానే 2.20 కాస్తా 2.2 అయిపోతుంది, ఇక అవి రెండు గుంటలో ఇరవై గుంటలో ఎవరికీ తెలీదు.

అందుకే పైథాన్ అయినా జావా అయినా "విస్తీర్ణం" అని ఒక క్లాస్ (మన సొంత డేటా రకం) రాసుకోండి. లోపల ఒకటే ఇంటిజర్ (పూర్ణ సంఖ్య) ఉండాలి, ఒకటే యూనిట్‌లో. నేనైతే చదరపు అడుగులో పదో వంతు తీసుకుంటా, ఎందుకంటే అప్పుడు అన్నీ పూర్ణ సంఖ్యలే: చదరపు అడుగు 10, గజం 90, సెంటు 4356, గుంట 10890, ఎకరం 435600. కూడికల్లో ఎక్కడా దశాంశాల గొడవ రాదు, రౌండింగ్ స్క్రీన్ మీద చూపించేటప్పుడే.

ఆబ్జెక్ట్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌ని నేరుగా ఎవర్నీ పిలవనివ్వకండి. "ఎకరాలు గుంటల నుంచి", "ఎకరాలు సెంట్ల నుంచి" అని రెండు స్టాటిక్ మెథడ్లు (ఆబ్జెక్ట్ లేకుండానే క్లాస్ పేరుతో పిలిచేవి) పెట్టి, రెండు ఇంటిజర్లు విడివిడిగా తీసుకోండి. గుంటలు 39 దాటినా, సెంట్లు 99 దాటినా అక్కడే ఎర్రర్ ఇవ్వాలి. ఆబ్జెక్ట్ ఒకసారి తయారయ్యాక మారకూడదు.

కూడిక, తీసివేత, పోలిక విస్తీర్ణానికి విస్తీర్ణంతోనే. పొడవుకి వేరే క్లాస్, పొడవుని పొడవుతో గుణిస్తే విస్తీర్ణం రావాలి, విస్తీర్ణానికి పొడవు కలపబోతే ప్రోగ్రాం ఒప్పుకోకూడదు. 1999లో నాసా అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి దానివల్లే, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన నంబర్‌ని ఇంకోటి న్యూటన్-సెకన్లు అనుకుంది, రెండింటికీ దాదాపు నాలుగున్నర రెట్ల తేడా.

యూనిట్లు చాలా రకాలుంటే పైథాన్‌లో యూనిట్ల లెక్కలు చూసుకునే పింట్ (Pint) లైబ్రరీ వాడండి, గుంట లాంటివి మనమే డిఫైన్ చేసుకోవచ్చు.

టెస్టుల్లో ఇవి తప్పకుండా పెట్టండి: 40 గుంటలు, 100 సెంట్లు, 4840 గజాలు మూడూ సమానం కావాలి, 2 ఎకరాల 20 గుంటలంటే 250 సెంట్లు రావాలి. పాత డేటా ఎక్కించేటప్పుడు మాత్రం నంబర్ పక్కన జిల్లా లేకపోతే ఆ రికార్డుని పక్కన పెట్టి మనిషితో చూపించండి, కోడ్‌తో ఊహించొద్దు.